కుడికాలికి ఎడమ బూటు

చేతి వెనక వైపుతో ముట్టుకోవాలి, అరచేత్తో కాదు. అరచెయ్యి కాలితే ఆ తర్వాత స్టీరింగు ఎవరు పడతారు అనేవాడు వెండల్, పెళ్లయిన మొదటి వేసవిలో, నలభై నాలుగేళ్ల కిందట, బండి వెనక కట్టుకుపోయే ఇదే ఇంటి ట్రైలర్ పక్కన గొంతుక్కూర్చుని. మార్వా ఇప్పుడు అలాగే గొంతుక్కూర్చుని, మోకాళ్లు కటకటమంటుంటే, ఎడమ చక్రం నడిమధ్య ఉన్న ఇనప హబ్బుకి చేతి వెనక వైపు ఆనించింది. చల్లగానే ఉంది. కుడివైపుకి వెళ్లి అదీ చూసింది. అదీ అంతే. కొండ ఎక్కేటప్పుడు బ్రేకులకి పనుండదు కాబట్టి ఇక్కడ, హార్కర్ కనుమ నెత్తిన, ఈ చల్లదనం ఏ సంగతీ చెప్పదు. తెలియాల్సిందంతా కిందుంది, తొమ్మిది మైళ్ల కింద, నది ఒడ్డున బండ్లు ఆపుకునే చోట. అక్కడ దిగి మళ్లీ ముట్టుకున్నప్పుడు రెండూ ఒక్కలా వెచ్చగా ఉంటే తను బిగించిన బ్రేకులు బాగున్నట్టు. ఒకటి చల్లగా ఉంటే అది పని చెయ్యలేదన్నమాట. అసలు అక్కడిదాకా చేరకపోతే. ఆ మాటని అక్కడే తుంచేసి చేతులు ప్యాంటుకి తుడుచుకుంది. గాలి చల్లగా కొడుతోంది, ఆగస్టు అయినా సరే, ఈ ఎత్తున ఎప్పుడూ ఇంతే. నీడల్లో ఇంకా నిరుటి మంచు మురిగ్గా మిగిలి ఉంది. ఎదురుగా పసుపు పచ్చటి బోర్డు, ఏటవాలు మీద జారుతున్న లారీ బొమ్మ. లారీ డ్రైవర్లందరూ ఇక్కడ ఆగి బ్రేకులు చూసుకోవాలని కింద రాసి ఉంది. లారీ కాకపోయినా మార్వా ఆగింది. ఆగినందుకు నవ్వేవాళ్లు నవ్వుకోనీ.

పికప్ బండిలో వెండల్ బెల్టు పెట్టుకుని, టోపీ పెట్టుకుని, ఒడిలో చేతికర్ర పెట్టుకుని కూర్చున్నాడు. కుడి చెయ్యి తొడ మీద, మార్వా పెట్టిన చోటే, పెట్టినట్టే ఉంది. రెండేళ్ల కిందట ఒక ఉదయం గుడ్లు వేపుతుండగా పెనం చేతిలోంచి జారిపోయింది, అదిగో అప్పట్నుంచి ఆ చెయ్యి అంతే, ఆ కాలు సగం అంతే, మాట మాత్రం మొత్తానికే పోయి, తిరిగొచ్చింది మూడు ముక్కలే. అవును, కాదు, శనివారం. అవునుకీ కాదుకీ తేడా ఉండదు, ఒకదాని బదులు ఒకటి దొర్లుతుంది. శనివారం అన్నిటికీ వస్తుంది. ఆకలేస్తే శనివారం, పక్కింటి కుక్క మొరిగితే శనివారం, రాత్రి దుప్పటి కప్పితే మెత్తగా, శనివారం. మొదట్లో ఆ మాట విన్నప్పుడల్లా మార్వాకి వంటింట్లోకి వెళ్లి కొళాయి తిప్పుకుని ఏడవాలనిపించేది. ఇప్పుడు దాని రాగం పట్టేసింది. సంగీతం రానివాళ్లకి కూడా పాటలో ఏడుపేదో నవ్వేదో తెలిసినట్టు తెలిసిపోతోంది. డోరు వేసుకుని, కాఫీ మూత తీసి అతనికి ఒక గుక్క పట్టించి, "దిగుదామా?" అంది. కిటికీలోంచి ఆ పసుపు బోర్డునే చూస్తూ అతను, "శనివారం," అన్నాడు, బొంగురుగా, నమ్మకం లేని గొంతుతో. "ఇవాళ శనివారమేలే. వారానికొక్క రోజైనా నీ మాట నిజమవుతుందని ఏరికోరి ఇవాళ బయల్దేరదీశాను నిన్ను," అంది మార్వా. అతని పెదవి ఎడమవైపు కొద్దిగా లేచింది. అది చాలు. రెండేళ్లుగా ఆ సగం నవ్వుతోనే ఇల్లు గడుపుకొస్తోంది.

రెండో గేరులో పెట్టి దించడం మొదలుపెట్టింది. ఏ గేరులో ఎక్కావో అదే గేరులో దిగు, బ్రేకు మీద కాలు పారేసుకుని కూర్చోకు, తొక్కు, వదులు, తొక్కు, వదులు. ఇవీ అతని మాటలే. కౌంటీ రోడ్డు షెడ్డులో ముప్ఫై ఒక్క ఏళ్లు మంచు తోసే బండ్లు బాగుచేసినవాడి మాటలు. ఆ ముప్ఫై ఒక్క ఏళ్లలో వెండల్ చూసిన బ్రేకు పోయిందని ఒక్క డ్రైవరూ అనలేదు. అలాంటివాడి సొంత బండికే పోయింది, ఇక్కడే, పదకొండేళ్ల కిందటి ఆగస్టులో. మార్వాకి మొదట వాసన గుర్తొస్తుంది. కాలిన జుట్టుకీ కాలిన రబ్బరుకీ మధ్య వాసన. తర్వాత వెండల్ చెవులు ఎర్రబడటం. తర్వాత అతను చాలా మామూలుగా, కూర మాడింది అన్నంత మామూలుగా, "మార్వా, కాళ్లు గట్టిగా తన్నిపెట్టి కూర్చో," అనడం. ట్రైలర్ బ్రేకులు చచ్చిపోయాయి, వెనక నుంచి టన్నున్నర బరువు తోస్తుంటే పికప్ బ్రేకులు పొగలు కక్కాయి, అయిదో మైలు దగ్గర అదుపు తప్పిన బండ్ల కోసం పక్కకి ఎత్తుగా పోసిన కంకర దారి కనపడితే అందులోకి తిప్పేశాడు. కంకర ఇరుసుల దాకా మింగి ఆపేసింది. లోపల పళ్లేలన్నీ పగిలాయి, మనుషులకి గీత పడలేదు. ఆ కంకర పోయించినవాడెవడో, ఏ ఆఫీసులో కూర్చుని ఇక్కడ ఇలాంటిదొకటి కావాలని గీత గీశాడో, పేరు తెలియని ఆ మనిషికి మార్వా ప్రతి నవంబరులోనూ పండగ విందుకి వండిన టర్కీ కోడిని కోసేముందు బల్ల దగ్గర దణ్ణం పెట్టుకుంటుంది, పైకి చెప్పకుండా. వెండల్ మాత్రం ఆ రోజు దిగీ దిగగానే వెళ్లి హబ్బుని అరచేత్తో పట్టుకున్నాడు. జీవితమంతా వెనక చెయ్యి, వెనక చెయ్యి అన్నవాడు అరచెయ్యి పెట్టేశాడు. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది, ఆ చచ్చిన చేతిలోనే. ఇంటికొచ్చాక ట్రైలర్‌ని గడ్డి కొట్టంలోకి నెట్టి తలుపేశాడు. మళ్లీ ఆ ఊసెత్తలేదు, ఎత్తనివ్వలేదు.

మొదటి మలుపు. తొక్కు, వదులు. వెనక ట్రైలర్ చొక్కా పట్టుకుని లాగినట్టు చిన్నగా లాగి, వదిలింది. మంచిది, మంచిది. అద్దంలో దాని బుర్ర గుండ్రంగా, తెల్లగా, నడుం చుట్టూ నీలిపట్టీతో వస్తోంది. పంది మాంసం డబ్బా అని అందరూ వెక్కిరించే ఆకారం అదే. పందొమ్మిది వందల అరవై నాలుగులో ఎవరి కోసమో తయారై, ఎవరి చేతుల్లోంచో వీళ్ల చేతికొచ్చింది. అందులో రెండు మంచాలు కలిపితే ఒక మంచం. ఆ మంచం మీద వాళ్లు పడ్డ పోట్లాటలు, వాన చప్పుళ్లు, అతని గురకలు. అవన్నీ పదకొండేళ్లు గడ్డి వాసనలో పడి ఉన్నాయి. ఒకప్పుడు వీళ్లు ఏటా వెళ్లిన, ఇవాళ మళ్లీ వెళ్తున్న సరస్సు దగ్గర కూడే పాత ట్రైలర్ల వాళ్లు మాత్రం ప్రతి ఆగస్టూ ఏడో నంబరు చోటు ఖాళీగా ఉంచేవాళ్లు. పొడవాటి దేవదారుల కింది చోటు. ఎవరైనా కొత్తవాళ్లు అక్కడ ఆపబోతే అది వెండల్ వాళ్లదని పంపేసేవాళ్లట. ప్రతి ఏడూ ఒక కార్డు వచ్చేది, మీ చోటు అలాగే ఉంది అని, అంతే, ఇంకేం అడగకుండా. పదకొండు కార్డులు. వాటిని మార్వా పిండి డబ్బా వెనక దాచింది. ఈ ఏప్రిల్లో పదకొండోది వచ్చిన రోజున ఏమనుకుందో ఏమో, నేరుగా వెళ్లి కొట్టం తలుపు తెరిచింది. మనుషుల్లో ఇలాంటివాళ్లు ఉంటారు, చోటు ఉంచి ఊరుకునేవాళ్లు. వాళ్లు ఉన్నారనుకుంటేనే ఆమెకి కళ్లు చెమ్మగిల్లాయి. కళ్లు చెమ్మగిల్లితే రోడ్డు కనపడదు. రెప్పలు టపటపలాడించింది.

ఏప్రిల్లో ట్రైలర్‌ని బయటికి లాగింది పొరుగాయన డెల్బర్ట్, తన ట్రాక్టరుతో. గడ్డి లారీలు తోలి తోలి నడుం వంగిపోయినవాడు, నోరు మాత్రం వంగలేదు. "ఏమ్మా మార్వా, మొగుణ్ని కుర్చీలో కూర్చోబెట్టి నువ్వు బండి కింద దూరతావా? నా పెళ్లాం చూస్తే నాక్కూడా కుర్చీ వేసేస్తుంది," అన్నాడు. "నీకు కుర్చీ ఎందుకు డెల్బర్ట్, నువ్వు పుట్టిందే కూర్చుని," అంది మార్వా. ఆ నవ్వుల మధ్య వెనక ఏదో చప్పుడైతే తిరిగి చూసింది. వెండల్. మెట్లు దిగి, కర్ర ఊనుకుంటూ, ఎవరూ పిలవకుండా, గచ్చు దాటి వస్తున్నాడు. జబ్బు చేశాక తనంతట తను వాకిట్లోకి రావడం అదే మొదలు. డెల్బర్ట్ నోరు మూతపడింది. ఆ ఒక్కసారే చూసింది దాన్ని మూతపడగా. ఇద్దరూ ఏం చూడనట్టు నటించి అతనికి మడత కుర్చీ వేశారు. ఆ రోజు నుంచి ప్రతి ఉదయం ఆ కుర్చీ, ఆ కర్ర, ఆ చూపు. ఎలుకలు అల్లిన గూళ్లు ఊడ్చింది. చక్రాల వెనక పట్టేసిన బ్రేకు డ్రమ్ముల్ని సుత్తితో కొట్టి కొట్టి ఊడబెరికింది. ఎడమ డ్రమ్ము ఊడి చేతిలోకొచ్చినప్పుడు లోపల చూసి ఆగిపోయింది. బ్రేకు పట్టీలు నల్లగా, గ్రీజులో నానిపోయి ఉన్నాయి. బేరింగుకి గ్రీజు ఎక్కువ కూరితే, దాన్ని ఆపే రబ్బరు సీలు సరిగ్గా కూర్చోకపోతే, అది లోపలికి కారి పట్టీలు తడిసి జారిపోతాయి. ఆ వేసవి బేరింగులకి గ్రీజు పెట్టింది వెండలే. కొట్టం తలుపు ఎందుకేశాడో, పదకొండేళ్లు నోరెందుకు మూసుకున్నాడో, మాట ఉన్నప్పుడు కూడా ఎందుకు మూసుకున్నాడో అప్పుడు తెలిసింది. తల తిప్పి చూస్తే అతను తలొంచుకుని నేలకేసి చూస్తున్నాడు. మార్వా గుడ్డ తీసుకుని గ్రీజు తుడిచి, "పాత సీలు, పాడైపోయింది. ఎవరి బండికైనా కారుతుంది," అంది, డెల్బర్ట్‌కి కూడా వినపడేలా. అంతకుమించి అనలేదు. ఆ సాయంత్రం అతను ప్లేటు ఖాళీ చేశాడు, రెండోసారి వడ్డించమని దాన్ని ముందుకి జరిపాడు.

మూడో మైలు. వెనక ఒక పొడుగాటి లారీ చేరింది, అద్దం నిండా దాని ముక్కే. తొందరపడకు. నీ వేగం నీది. ముప్ఫై అయిదు. పాతవి తీసేశాక కొత్త బ్రేకులు పెట్టెల్లో వచ్చాయి, కుడిదొకటి, ఎడమదొకటి, పట్టీలూ అయస్కాంతమూ అన్నీ ఒక పళ్లెం మీద బిగించి. తీగలోంచి కరెంటు వస్తే అయస్కాంతం తిరిగే డ్రమ్ముని పట్టుకుంటుంది, డ్రమ్ము దాన్ని లాగుతుంది, ఆ లాగుడుకి పట్టీలు విచ్చుకుంటాయి. ఎంత ముద్దుగా ఉంది ఈ ఏర్పాటు అనుకుంది మొదటిసారి అర్థమైనప్పుడు, బరువే తనని తను ఆపుకోవడం. ట్రైలర్ వెనక నుంచి తల ముందుకి పెట్టి వెల్లకిలా దూరి, కుడిచేతి పక్కన కుడి పెట్టె, ఎడమచేతి పక్కన ఎడమ పెట్టె పెట్టుకుని బిగించేసింది. వెల్లకిలా పడుకున్న మనిషి కుడీ బండి కుడీ ఒకటి కావని తోచలేదు. ఇంటి దగ్గర బ్రేకులు వేసుకునేవాళ్లలో సగంమంది ఇలాగే చేస్తారని తర్వాత డెల్బర్ట్ ఓదార్చాడు, తనెప్పుడూ చెయ్యనట్టు. జాకీ మీద ఎత్తి చక్రం చేత్తో తిప్పుతూ, డెల్బర్ట్ చేత పికప్‌లోని బ్రేకు మీట నొక్కిస్తే ఆగింది. చేత్తో తిప్పింది ఎలాగైనా ఆగుతుంది. డెల్బర్ట్ చప్పట్లు కొట్టాడు. వెండల్ కుర్చీలోంచి, "కాదు," అన్నాడు. అతని కాదుని ఎవరు లెక్కచేస్తారు? "అంటే అవునన్నమాట," అని నవ్వేసింది.

మర్నాడు పొద్దున అతను బూట్లు తిరగేసి తొడుక్కుని వచ్చాడు. కుడికాలికి ఎడమది, ఎడమకాలికి కుడిది, ఒక్క చేత్తో ఎలా తొడిగాడో. కూర్చోబెట్టి మార్చింది. మధ్యాహ్నానికి మళ్లీ తిరగేశాడు. మార్చింది. రెండో రోజూ అదే. మూడో రోజు అతను తడబడుతూ, ఆ తప్పు బూట్లతో, ట్రైలర్ చుట్టూ ఒక చక్కరు కొట్టి వచ్చేసరికి మార్వా చేతిలో పని వదిలేసింది. మెదడు మెల్లగా జారచ్చు, చిన్న చిన్న పనుల్లో ముందు తెలుస్తుంది అని డాక్టరు చెప్పి ఉన్నాడు. అయితే ఇదన్నమాట. ముందు మాట, తర్వాత బూట్లు, ఆ తర్వాత తన మొహం గుర్తుండదు. వంటింట్లో నేల మీద అతని ముందు కూలబడి, బూటు లాగుతూ, "వెండల్, నన్నొదిలి వెళ్లకు, ఇంకా వెళ్లకు," అని ఏడ్చింది. అతను ఎడమ చేత్తో ఆమె మణికట్టు గట్టిగా పట్టుకుని బూటు తియ్యనివ్వలేదు. కర్ర ఎత్తి కిటికీలోంచి ట్రైలర్ ఎడమ చక్రాన్ని చూపించాడు, తర్వాత తన ఎడమ కాలు. కుడి చక్రం, కుడి కాలు. మళ్లీ. చెమట పడుతోంది అతనికి. "శనివారం," అన్నాడు, పళ్లు నూరుతూ, పట్టరాని కోపంతో. అప్పుడు వెలిగింది. మార్వా మేజోళ్లతోనే పరిగెత్తి, డ్రమ్ము ఊడదీసి చూస్తే పొట్టి పట్టీ ముందుండాల్సింది వెనకుంది. రెండు పక్కలా అంతే. అలాగే ఈ కనుమ దిగి ఉంటే తొక్కిన ప్రతిసారీ సగమే పట్టేవి, అయిదో మైలుకి మళ్లీ అదే కంకర, లేదా కంకర కూడా దొరక్కపోవడం. బండి కింద పడుకుని నవ్విందో ఏడ్చిందో ఆమెకే తెలియదు. తిరిగొచ్చి బూట్లు విప్పితే అతని బొటనవేళ్లు రెండూ బొబ్బలెక్కి ఉన్నాయి. మూడు రోజులు ఆ కాళ్లతో నడిచాడు, తనకి చెప్పడానికి. ఎక్కడికీ వెళ్లలేదు. మెదడంతా అక్కడే ఉంది, తాళం పడింది నోటికే. ఆ కాళ్లు పళ్లెంలో వేడినీళ్లు పోసి కడుగుతుంటే ఆమెకి కలిగినది సంతోషం కూడా కాదు, అంతకంటే పెద్దది. పెళ్లిలో కూడా అంత అదృష్టవంతురాలినని అనుకోలేదు.

నాలుగో మైలు దాటుతుండగా ఆ వాసన వచ్చింది. జుట్టు, రబ్బరు. మార్వా అద్దంలోకి చూసింది. మాదేనా? కుడి పక్కదా? చక్రం పిన్ను సరిగ్గా వంచానా, తీగ ఊడిందా, అద్దంలో లారీ ముక్కు ఇంకా దగ్గరికొచ్చింది, ముందు అయిదో మైలు రాయి, దాని వెనక ఆకాశంలోకి లేచిన కంకర దారి, మంచు కరిగి తోమినట్టు తెల్లగా. కాలు దానంతటది బ్రేకుని తొక్కేసింది. తొక్కి అలాగే ఉండిపోయింది. వదలాలని తెలుసు. వదలకుండా తొక్కిపెడితే ముందు పికప్ బ్రేకులే కాలతాయని తెలుసు. కాలు వినడం లేదు. ఆ కంకర రమ్మంటోంది, వచ్చెయ్, ఇందులో పడితే భయం ఉండదు అంటోంది. అంతలో తొడ మీద ఏదో తగిలింది. కర్ర. "కాదు," అన్నాడు వెండల్. ఈ కాదు కాదే. ఇందులో ఏ తిరకాసూ లేదు. కర్రతో ఆమె మోకాలిని పైకి తట్టాడు, ఎత్తు, ఎత్తు. కర్ర ఒళ్లో పడేసి, ఎడమ చెయ్యి చాపి, డాష్‌బోర్డు కింద ట్రైలర్ బ్రేకుల కోసమే ఉన్న చిన్న మీటని పట్టుకున్నాడు. బొటనవేలితో మెల్లగా నొక్కాడు. వెనక నుంచి ట్రైలర్ లాగింది, నిండుగా, రెండు పక్కలా సమంగా, ఎటూ ఈడవకుండా. వదిలాడు. నొక్కాడు. మార్వా కాలు లేచింది. "వెనక లారీదా ఆ వాసన?" అంది. అతను అద్దంలోకి చూసి, తల ఊపి, తేలిగ్గా, "శనివారం," అన్నాడు. వెనక లారీ కంకర దారి ముందున్న వెడల్పు చోట పక్కకి తీసి ఆగిపోయింది, ముందు చక్రాల దగ్గర పొగ. ఆగింది, పర్లేదు, ఆ డ్రైవరు దిగుతున్నాడు. దేవుడా, వాడూ బాగుండాలి.

కంకర పక్కనుంచి వెళ్లిపోయారు. ఎంత మామూలుగా వెళ్లిపోయిందది, దారిలో ఏదో పొలంలాగా. మిగతా నాలుగు మైళ్లూ వాళ్లిద్దరూ కలిసి దించారు. గేరూ పెడలూ ఆమెవి, మీట అతనిది. మలుపు రాకముందే అతని బొటనవేలు కదిలేది, ఆమె కాలికి అందుకునే పనే మిగిలేది. ముప్ఫై ఏళ్లు ఇద్దరూ ట్రైలర్లో ఒక్క మంచం సర్దుకున్నట్టే ఇదీనూ. పళ్లేలు, అప్పులు, పిల్లలు పుట్టలేదన్న బాధ, అతని మౌనాలు, తన నోటిదురుసు, ఇవన్నీ ఏదో ఒక వాలు మీద ఇలాగే దించుకొచ్చాం కదా అనుకుంది. ఒక్కదాన్నే చేశానని ఈ నాలుగు నెలలూ లోపల లోపల గర్వపడింది కూడా. సిగ్గేసింది, హాయిగా సిగ్గేసింది. లోయ విచ్చుకుంది. కింద నది, గడ్డి మోపులు, ఎవరిదో ఎర్ర కొట్టం, సరస్సుకి ఇంకా నలభై మైళ్లు.

నది ఒడ్డున ఆపింది. ఇంజను ఆపాక చెవుల్లో ఆ నిశ్శబ్దం గుయ్యిమంది. దిగి వెనక్కి వెళ్లబోతుంటే అటు డోరు తెరుచుకుంది. వెండల్ దిగుతున్నాడు. ఆగు, నేను పట్టుకుంటాను అనబోయి నోరు నొక్కుకుంది. కర్ర ఊనుకుంటూ వచ్చాడు, ఎడమ చక్రం దగ్గర నిలబడ్డాడు. కుడి చెయ్యి ఉలకదు పలకదు, ఎడమ చేతిలో కర్ర, కర్ర వదిలితే పడతాడు. హబ్బు వంక చూశాడు, ఆమె వంక చూశాడు. రెండేళ్లలో బాత్రూములో కూడా ఆ కర్రని ఎవరికీ ఇవ్వని మనిషి, దాన్ని తీసి ఆమె చేతిలో పెట్టాడు. మార్వా అతని చంకకింద భుజం ఆనించింది. ఇద్దరూ కలిసి, మూడు మోకాళ్లు వంగుతూ ఒకటి మొరాయిస్తుంటే, కిందికి వంగారు. అతను ఎడమ చేతి వెనక వైపు హబ్బుకి ఆనించాడు. వేడికి తీసి, మళ్లీ ఆనించాడు. లేచి, మళ్లీ ఆ నాట్యమంతా చేసి, కుడిది కూడా ముట్టుకున్నాడు. అక్కడ ఎక్కువసేపు ఉంచాడు. మార్వా అతని మొహమే చూస్తోంది, నాలుగు నెలల పని, పదకొండేళ్ల పని ఆ మొహంలో తేలాలి.

వెండల్ లేచి నిలబడి, కర్ర అడగకుండా, ఆమె మీదే ఆనుకుని, ఆ చేతి వెనక వైపు ఆమె చెంపకి ఆనించాడు. వెచ్చగా ఉంది. అలాగే ఉంచాడు, రెండో హబ్బు వేడి మొత్తం ఆమెకి తెలిసేదాకా.